బోర్డులో తప్పేమీ లేదు

మునిప్రసాద్ బిగించిన కంప్యూటర్‌ను తిరిగి చూసుకోనక్కర్లేదని తిరుపతిలో ఒకప్పుడు మాట ఉండేది. ఆ మాట అన్నవాళ్లలో సగం మంది ఇప్పుడు కంప్యూటరే వాడడం లేదు. పనులన్నీ ఫోనులోనే అయిపోతున్నాయి. అయినా తిలక్ రోడ్డు పక్క సందులో, మందుల షాపుకీ ఫొటో ఫ్రేముల షాపుకీ నడుమ ఉన్న ఆయన గదికి రోజూ తొమ్మిదిన్నరకు షట్టరు లేస్తూనే ఉంది.

ఆయనది సత్యవేడు దగ్గర చిన్న పల్లె. వేరుశనగ పండించే ఇంట్లో పుట్టి, డిప్లొమా చదవడానికి తిరుపతికి వచ్చి, దాన్ని సగంలో వదిలేసి ఒక షాపులో స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు. అప్పట్లో దర్శనం టికెట్లకూ, పరీక్షల హాల్‌టికెట్లకూ, రైలు రిజర్వేషన్లకూ జనం నెట్ సెంటర్ల ముందు వరసలు కట్టేవారు. ఒక్కో సెంటరుకు పదేసి సిస్టములు కావలసి వచ్చేవి. విడిభాగాలు చెన్నై నుంచి బస్సు మీద దిగేవి. అట్టపెట్టెలు విప్పి, బోర్డు బిగించి, ప్రాసెసర్ కూర్చోబెట్టి, వైర్లు కలిపి స్విచ్ నొక్కేవాడు. తెర వెలిగే క్షణంలో ఆయన తెరవైపు చూసేవాడు కాదు, కొన్నవాళ్ల ముఖం చూసేవాడు. అలా ఆయన చేతిమీదుగా రెండువేల పైచిలుకు సిస్టములు ఊళ్లోకి పోయాయి. బిగించిన రోజున వెలగనిది ఒక్కటీ లేదు. ఈ సంగతి ఆయన ఎన్నడూ నోటితో చెప్పుకోలేదు గానీ, లోపల మాత్రం అదే ఆయన ఆస్తి.

తర్వాత నెట్ సెంటర్లు మూతబడ్డాయి. మునిప్రసాద్ ప్రింటర్లకు ఇంకు నింపుతూ, లాడ్జీల్లో కెమెరాలు సరిచేస్తూ కాలం నెట్టుకొచ్చాడు. భార్య మోహన రైల్వే స్టేషన్ ఎదుట ఒక లాడ్జిలో రిసెప్షన్ చూసుకుంటుంది. యాభై రెండేళ్లు వచ్చాయి. సుగరు వచ్చి ఎనిమిదేళ్లయింది. మాత్రలు గుర్తున్నప్పుడు వేసుకుంటాడు.

చివరిసారి కొత్త సిస్టం బిగించి ఏడెనిమిది నెలలు దాటిన రోజుల్లో, నవంబరు మొదటి వారంలో, బైరాగిపట్టెడ నుంచి నాగరత్నమ్మ అనే ఆవిడ షాపుకొచ్చింది. చేతిలో ప్రింటు తీసిన కాగితం ఉంది.

“మా హేమకు పని దొరికిందప్పా. ఇంట్లోనే కూర్చోని చేసే పని. ఈ కాగితంలో యెట్లుండాదో అట్లే ఉండాలంట సిస్టం. ఒగటి తక్కువైనా వాళ్లు ఒప్పుకోరంట.”

మునిప్రసాద్ కాగితాన్ని ముఖానికి దగ్గరగా తెచ్చుకుని చదివాడు. పెద్ద పనే. కొత్త రకం ప్రాసెసర్, రెండు తెరలు. చాలా రోజులకు చేతులు చురుక్కుమన్నాయి.

“మీరేం దిగులు పడొద్దు మా. నేనే వచ్చి మీ ఇంట్లోనే బిగించిస్తా,” అన్నాడు.

నాగరత్నమ్మ కూతురు హేమశ్రీకి ముప్పై నాలుగేళ్లు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. మూడేళ్ల కిందట రేణిగుంట రోడ్డులో స్కూటరు మీద వస్తుండగా వెనకనుంచి వ్యాను గుద్దింది. తుంటి ఎముకలు రెండు చోట్ల విరిగాయి. మూడు ఆపరేషన్లయ్యాక వాకర్ పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేయగలుగుతోంది. స్కూలువాళ్లు ఆరునెలలు చూసి ఇంకొకరిని పెట్టుకున్నారు. ఆమె మంచంమీద ఉండే ఏడాదిన్నర చదివింది, ఆసుపత్రుల్లో రోగుల రికార్డులకు కోడ్ నంబర్లు వేసే చదువు. పరీక్ష పాసయింది. తొమ్మిది కంపెనీలకు రాసింది. పదోది, చెన్నైలోనిది, ఇంటి నుంచే పనిచేయనిస్తామంది.

గురువారం మధ్యాహ్నం మునిప్రసాద్ పెట్టెలన్నీ ఆటోలో వేసుకుని వాళ్లింటికి వెళ్లాడు. హేమశ్రీ కిటికీ పక్కన కొత్త టేబుల్ వేయించి, దానిమీద గుడ్డ పరిచి ఉంచింది. కుర్చీలో మెత్త పెట్టుకుని కూర్చుని ఉంది.

“సోమవారం పొద్దన తొమ్మిదికి లాగిన్ కావాలన్నా. నా తర్వాత లిస్టులో ఇంకో అమ్మాయి ఉండాదంట. నేను కాలేదంటే ఆమెకు పోతాది,” అంది.

“సోమవారం దాకా ఎందుకమ్మా? ఈ సాయంత్రమే నువ్వు దీంట్లో పాటలు ఇంటా ఉంటావు.”

ఆమె నవ్వింది. పని మొదలుపెడితే ప్రతిదీ అడిగి తెలుసుకుంది. ఇదేంది, అదేంది, దీన్ని ఇట్లా ఎందుకు పెడతారు. లెక్కల టీచరు కదా, ఊరికే చూస్తూ కూర్చోలేదు. మునిప్రసాద్ ఉత్సాహంగా చెప్పుకుంటూ పోయాడు. బోర్డు మధ్యలో నలుచదరంగా ఉండే సాకెట్ తెరిచి చూపించాడు. అందులో వెయ్యికి పైగా పిన్నులు, వెంట్రుక కంటే సన్నంగా, నాటిన మడిలో నారులా వరసలు తీరి ఉన్నాయి.

“వీటిమీద ప్రాసెసర్‌ను నిటారుగా దించాలమ్మా. తొయ్యకూడదు, జరపకూడదు. అదే దిగి కూర్చుంటాది.”

అలా అంటూనే దించాడు. వేలి కొసల మధ్య అది వెంట్రుకవాసి జారింది. ఒక మూల ముందుగా సాకెట్‌లోకి వాలింది. చప్పుడు కూడా కాలేదు. ఆయన దాన్ని పైకెత్తి, మళ్లీ సరిగా కూర్చోబెట్టి, మీటను కిందికి నొక్కాడు. హేమశ్రీ చూడలేదు. ఆయనకూ ఏమీ కాలేదనిపించింది. అలా అనిపించడానికి ఆయనే కొంచెం సాయం చేశాడు.

నాలుగున్నరకు అంతా బిగించి, ప్లగ్గు పెట్టి, స్విచ్ నొక్కి, అలవాటు ప్రకారం హేమశ్రీ ముఖం వైపు చూశాడు. ఫ్యాన్లు తిరిగిన చప్పుడు వినిపించింది. క్యాబినెట్‌లో నీలం లైటు వెలిగింది. ఆ అమ్మాయి ముఖం మాత్రం అలాగే, ఎదురుచూస్తున్నట్టే ఉంది. ఆయన తెరవైపు తిరిగాడు. నల్లగా ఉంది.

“వైరు సరిగా పెట్టినట్లు లేదు,” అన్నాడు.

వైరు మార్చాడు. రెండో తెర తగిలించాడు. అదీ నల్లగానే ఉంది. బోర్డు మూలన చిన్న ఎర్రలైటు వెలిగి ఆరకుండా నిలబడింది. అది మెమరీ దగ్గర తేడా ఉందని చెప్పే లైటు. ఆయనకు ఊపిరి ఆడింది. ర్యామ్ సరిగా కూర్చోకపోతే అంతే. ర్యామ్ ముక్కలు రెండూ తీసి, తుడిచి, టక్కుమనేదాకా నొక్కాడు. మళ్లీ అదే ఎర్రలైటు. ఒక ముక్కే పెట్టి చూశాడు. రెండోది పెట్టి చూశాడు. గాడి మార్చాడు. నాలుగు గాడుల్లోనూ మార్చి మార్చి చూశాడు. బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ తీసి, కొంతసేపాగి మళ్లీ వేశాడు. ప్రతిసారీ ఫ్యాన్లు తిరిగేవి, లైటు ఎర్రగా వెలిగేది, తెర నల్లగా ఉండేది.

నాగరత్నమ్మ రెండుసార్లు కాఫీ ఇచ్చింది. రెండోసారి గ్లాసు టేబుల్ అంచున పెట్టి వెళ్లిపోయింది.

“షాపుకు తీసకపోయి చూస్తానమ్మా. ఆడ నాకు వేరే ర్యాములు, వేరే ఎస్ఎంపీఎస్ ఉండాయి. ఒగదానొకటి మార్చి చూస్తే ఏది చెడిందో బయటపడతాది. రేపు తెచ్చిస్తా,” అని ఆయన క్యాబినెట్ ఎత్తుకున్నాడు.

శుక్రవారం షాపులో ప్రింటరు పనులన్నీ పక్కన పెట్టాడు. బోర్డును క్యాబినెట్ నుంచి పూర్తిగా బయటికి తీసి అట్టముక్క మీద పరిచాడు. ఒక్కోసారి క్యాబినెట్ ఇనుము తగిలి కూడా బోర్డు మొరాయిస్తుంది. అది కాదు. కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ మార్చాడు. అది కాదు. తన దగ్గరున్న కొత్త ర్యామ్ పెట్టాడు. విడిగా డిస్ప్లే కార్డు పెట్టాడు. చిన్న స్పీకరు తగిలించి బీప్ కోసం చెవి పెట్టాడు. ఒక్కొక్కటీ కాదు, కాదు అని తేలిపోతుంటే, మిగిలిందేమిటో ఆయనకు తెలుస్తూనే ఉంది. ప్రాసెసర్ ఒక్కటే తీసి చూడలేదు. దాని మీద పెద్ద ఫ్యాను ఉంది, అది విప్పాలి, మళ్లీ పేస్టు పూయాలి, అదంతా చివర్లో చేసే పని అని తనకు తాను చెప్పుకున్నాడు. సాయంత్రం దాకా చెప్పుకున్నాడు.

ఇంటికి పోతే మోహన అన్నం వడ్డిస్తూ అడిగింది. “యేమయ్యా, అట్లుండావు?”

“బోర్డు పలకడంల్యా.”

“ఎవరన్నా ఇంకోళ్లకు చూపించగూడదా? ఏబెల్‌ను పిలువు.”

ఏబెల్ ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు నలభై దగ్గరికొచ్చాడు, ముగ్గురు బిడ్డల తండ్రి. విడిభాగాలకు వారంటీ చూసే సర్వీస్ సెంటరులో టెక్నీషియన్.

“వాడెందుకు? నాకు తెలీనిది వాడికి తెలుస్తాదా?” అన్నాడు మునిప్రసాద్. నీళ్ల చెంబు అందుకోబోయి పక్కకు చెయ్యి పెట్టాడు. మోహన చెంబును ఆయన చేతికింద జరిపింది. ఆమె అలా జరపడం మొదలుపెట్టి కొన్ని నెలలయింది.

శనివారం పొద్దున ఆయన ఫ్యాను విప్పి, ప్రాసెసర్ తీశాడు. టార్చి వేసి, చదువుకునే కళ్లద్దాలు పెట్టుకుని, సాకెట్ మీదికి వంగాడు. పిన్నులు తళతళమన్నాయి. కళ్లముందు రోజూ తేలే నల్లచుక్కలు వాటిమీద కూడా తేలాయి. అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. అన్నీ తిన్నగా ఉన్నాయి. ఏ వరసా చెదరలేదు. తన చెయ్యి తప్పు చేయలేదు. అయితే బోర్డే పుట్టుకతో చెడింది.

హేమశ్రీకి ఫోను చేశాడు. “బోర్డు కంపెనీ నుంచే చెడిపోయి వచ్చిందమ్మా. వారంటీ ఉండాది. సర్వీస్ సెంటర్లో ఇచ్చేస్తే వాళ్లు వేరేది ఇస్తారు.”

“ఎప్పటికన్నా?”

“సోమవారం.”

“సోమవారం పొద్దన తొమ్మిదికన్నా,” అంది ఆమె.

సర్వీస్ సెంటరుకు పరుగెత్తాడు. మధ్యాహ్నం మూసేస్తున్న వేళ. కౌంటరులో అమ్మాయి బోర్డు తీసుకుని చీటీ ఇచ్చింది. సోమవారం పరీక్ష చేసి చెబుతామంది. ఆదివారం ఆయన ఊరుకోలేదు. షాపులో తను వాడుకునే సిస్టమునే మోసుకెళ్లి హేమశ్రీ టేబుల్ మీద పెట్టాడు. ఆమె కంపెనీవాళ్లు పంపిన పరీక్ష ప్రోగ్రాం నడిపింది. రెండు నిమిషాల్లో ఎర్ర అక్షరాలొచ్చాయి. మిషను పాతది, పనికిరాదు.

సోమవారం తొమ్మిదికి ఆమె కంపెనీకి ఫోను చేసి పరిస్థితి చెప్పుకుంది. బుధవారం తొమ్మిది దాకా ఆగుతామన్నారు. ఆ మాట మునిప్రసాద్‌కు ఆమే ఫోనులో చెప్పింది. “అదృష్టం బాగుండాదన్నా,” అంది. ఆ గొంతులోని సంతోషం విన్నాక ఆయన టిఫిను పక్కకు జరిపి లేచాడు.

మధ్యాహ్నం ఏబెల్ ఫోను చేశాడు. “అన్నా, ఒకసారి వస్తావా? ఫోన్లో వద్దు.”

సర్వీస్ సెంటరు వెనక గదిలో ఏబెల్ ఒక్కడే ఉన్నాడు. బోర్డును పెద్దచేసి చూపే కెమెరా కింద పెట్టి ఉంచాడు. పక్కన తెరమీద సాకెట్ అరచేతంత కనిపిస్తోంది. ఏబెల్ కెమెరాను ఒక మూలకు తిప్పాడు. నాటు మడిలో ఎవరో కాలుపెట్టి దిగినట్టు, ఆ మూలన నాలుగు పిన్నులు పక్కకు పడిపోయి ఒకదానిమీద ఒకటి వాలి ఉన్నాయి.

మునిప్రసాద్ తెరకు ముఖం ఆనేంత దగ్గరగా వంగి చూశాడు.

“నేను చూసినా గదరా. టార్చి వేసి చూసినా. బాగుండాయి.”

“అన్నా,” అన్నాడు ఏబెల్, “నాకు ఊరికే చూసినా కనిపించినాయి. కెమెరా కూడా అక్కరలేదు.”

మునిప్రసాద్ పక్కనున్న స్టూలు కోసం చెయ్యి చాచి తడుముకున్నాడు. ఏబెల్ స్టూలు జరిపి కూర్చోబెట్టాడు.

ఏబెల్ సన్న సూది తీసుకుని, ఊపిరి బిగబట్టి, పిన్నులు లేపడానికి ప్రయత్నించాడు. రెండు లేచాయి. మూడోది మొదలుకంటా విరిగి వచ్చింది. సూది కింద పెట్టేశాడు.

“ఈ మోడలు తిరపతిలో యాడా లేదన్నా. మేము తెప్పిస్తే గురువారమవుతాది. పిన్నులు వంగితే వారంటీ కూడా రాదు.” గొంతు తగ్గించాడు. “నువ్వు ఆ అమ్మికి చెప్పే పన్లేదు. బోర్డు వచ్చిందే అట్లా అను. ఎవురొచ్చి చూస్తారు? వాళ్లకేం తెలుస్తాది? ఇన్నేండ్ల పేరన్నా నీది.”

మునిప్రసాద్ స్టూలు మీంచి లేచాడు. “రేపు నేను చెన్నైకి పోయి తెస్తా. నువ్వే బిగించాల,” అన్నాడు.

మంగళవారం పొద్దున వాన ముసురులో చెన్నై బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు. పుత్తూరు దాటాక చినుకు కంట్లో పడి కుడికన్ను నలుపుకున్నాడు. అలా ఒక కన్ను మూసి ఉన్నప్పుడు ఎదురుగా చూస్తే కండక్టరుకు తల లేదు. భుజాలున్నాయి, టికెట్ల సంచి ఉంది, తల ఉండాల్సిన చోట బూడిదరంగు మరక ఉంది. కుడికన్ను తెరిచాడు. తల వచ్చింది. మళ్లీ మూశాడు. పోయింది. ముందు సీట్ల మీద రాసిన అక్షరాలు, డ్రైవరు పైనున్న పటం, దేన్ని సూటిగా చూస్తే అదే మాయమవుతోంది. ఊత్తుకోట దాకా ఆయన అదే పని చేశాడు. మూయడం, తెరవడం. పక్కసీటు పెద్దాయన నాయనా కన్ను నొప్పా అని అడిగితే దుమ్ము పడిందన్నాడు.

ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది? లాడ్జి కెమెరాల వైర్లు రంగు తేడాగా కలిపి తిట్లు తిన్నది ఎప్పుడు? మాత్రల అట్టమీది తేదీ మోహనతో చదివించుకోవడం ఎప్పటినుంచి? లైటు చాలలేదన్నాడు, అద్దాలు పాతబడ్డాయన్నాడు, వయసన్నాడు. అన్నీ తనే అన్నాడు, తనే నమ్మాడు. నమ్మి, ఆ కళ్లతో, మూడేళ్లు మంచంలో ఉండి లేచిన పిల్ల టేబుల్ దగ్గర కూర్చున్నాడు.

చెన్నైలో నాలుగో షాపులో బోర్డు దొరికింది. తిరుగు బస్సు ఊత్తుకోట దగ్గర ఆగిపోయింది. ఏటి నీళ్లు వంతెన మీదికొచ్చాయి, ఎవరినీ వదలడం లేదు. ప్రయాణికులు రాత్రంతా బస్సులోనే ఉండిపోయారు. బుధవారం పొద్దున నీళ్లు తగ్గి బస్సు కదిలి, నాగలాపురం చేరేసరికి తొమ్మిదయింది. మునిప్రసాద్ ఒళ్లో పెట్టెను రెండు చేతులా పట్టుకుని ఫోను వైపు చూస్తూ కూర్చున్నాడు. హేమశ్రీ చేయలేదు. ఆయన చేయలేకపోయాడు.

బస్టాండులో ఏబెల్ బండితో ఎదురుచూస్తున్నాడు. షాపులో క్యాబినెట్, మిగతా సామాను ఆటోలో వేయించి, దాని వెనకే బండిమీద ఇద్దరూ బైరాగిపట్టెడకు పోయేసరికి పన్నెండు. హేమశ్రీ అదే కుర్చీలో ఉంది. మంచి చీర కట్టుకుని ఉంది. వీడియోలో కనిపించాలన్నారని పొద్దున్నే తయారైందట. రండన్నా అంది.

ఏబెల్ పనికి కూర్చున్నాడు. ప్రాసెసర్‌ను రెండు వేళ్లతో పట్టి, నిటారుగా దించి, చెయ్యి వెనక్కి తీశాడు. మునిప్రసాద్ గోడకు ఆనుకుని నిలబడి చూశాడు. ఒకప్పుడు ఆ చేతికి అలా దించడం నేర్పింది తనే. అరగంటలో అంతా అయింది. స్విచ్ నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి, ఎర్రలైటు ఒకసారి మెరిసి ఆరిపోయింది, రెండు తెరలూ వెలిగాయి.

హేమశ్రీ ముఖంలో ఏమీ మారలేదు.

“పదికి మెయిల్ వచ్చిందన్నా. నా చోటు ఆ రెండో అమ్మాయికి ఇచ్చేసినారంట. మళ్లా ఖాళీ అయితే చెప్తారంట,” అంది. ఎవరో వేరేవాళ్ల సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

నాగరత్నమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఆ బోర్డు చేసినోళ్ల చేతులు పడిపోనూ,” అంది. “కొత్త సామానని డబ్బు పోసి కొంటే చెడిపోయినేది అంటగడతారా? నా బిడ్డ ఉసురు తగలకపోతాదా వాళ్లకు?”

ఏబెల్ మునిప్రసాద్ మోచేతిని గట్టిగా పట్టుకున్నాడు. ఆయన ఆ చేతిని మెల్లగా తీసేశాడు.

“బోర్డులో తప్పేమీ లేదు మా,” అన్నాడు. “వచ్చినప్పుడు అది బాగనే ఉండింది. గురువారం నేను ప్రాసెసర్ పెట్టేటప్పుడు చెయ్యి జారింది. పిన్నులు వంగిపోయినాయి. నాకు కండ్లు సరిగా కనబడడంల్యా. నిన్న బస్సులో చూసుకునే దాకా నాకే తెలీదు. తెలీదని అనకూడదులే. తెలుసుకోలేదు.”

నాగరత్నమ్మ ఆయన్ని చూసింది. గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయింది. లోపల ఏదో గిన్నె బండమీద పెట్టిన చప్పుడు పెద్దగా వినిపించింది.

హేమశ్రీ మునిప్రసాద్ వైపు తిరిగింది.

“మీరు చెప్పకుండా ఉంటే బాగుండును. ఆ కంపెనీ ఏదో, మొకం తెలీనోళ్లు, వాళ్లమీద కోపం పెట్టుకోని ఉండేదాన్ని. ఇప్పుడు మీమీద పెట్టుకోవాల. అది నాకు కష్టంగా ఉండాది.”

ఆయన కూలి వద్దన్నాడు. పాత బోర్డు ఖర్చు తనదేనన్నాడు. ఆ మాటలు నోట్లోంచి వస్తుంటేనే ఎంత చిన్నవో తెలిసింది. ఆమె వినలేదో, విని వదిలేసిందో, తెరమీది నీలిరంగును చూస్తూ ఉండిపోయింది. బయటికొచ్చాక ఏబెల్ బండి తాళం తిప్పబోయి ఆగాడు.

“ఎందుకన్నా చెప్తివి?”

“ఊరుకుంటే ఇంకో ఇంటికి పోయి బిగిస్తాను కదరా,” అన్నాడు మునిప్రసాద్.

ఆ సాయంత్రం మోహనకు చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోలేదు. మర్నాడు సెలవు పెట్టి కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది. కళ్లలో చుక్కలు వేసి, గడ్డం ఆనించి, చాలాసేపు చూశారు. సుగరు వల్ల లోపల రక్తం కారిందనీ, ఎడమకన్నులో నడిమి చూపు పోయిందనీ, అది ఇక రాదనీ డాక్టరమ్మ చెప్పింది. కుడికన్ను కూడా మొదలైంది, ఇంజెక్షన్లు వేస్తే ఉన్నంత చూపు నిలబెట్టవచ్చు. ఏడాది ముందు వచ్చి ఉంటే అంది గానీ, మోహన ముఖం చూసి వాక్యం పూర్తి చేయలేదు. ఆసుపత్రి మెట్లు దిగుతూ మోహన ఆయన చెయ్యి పట్టుకుంది. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో రోడ్డుమీద ఆమె ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఆయన విడిపించుకోబోయి, మెట్టు అంచు కనబడక, ఊరుకున్నాడు.

హేమశ్రీ నుంచి మళ్లీ ఫోను రాలేదు. ఏబెల్ ఒకసారి చెప్పాడు, ఆమె ఇంకా కంపెనీలకు రాస్తూనే ఉందని, పదకొండు, పన్నెండు, పద్నాలుగు. డిసెంబరులో ఒకరోజు మునిప్రసాద్ నాలుగుకాళ్ల మండపం దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే నాగరత్నమ్మ ఎదురైంది. ఆయనే ముందు పలకరించబోయాడు. ఆవిడ కూరల సంచి ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని, రోడ్డు దాటిపోయింది. తనను గుర్తుపట్టలేదేమో అనుకోవడానికి ఆయన ప్రయత్నించాడు. కుదరలేదు. చూపు పోయింది ఆవిడకు కాదు కదా.

షాపు మాత్రం తెరుస్తున్నాడు. ఇంకు నింపే పని చేతి తడుముడుతో అవుతుంది. రెండు ఇంజెక్షన్లయ్యాయి. మూడోదానికి ఇంకా పది రోజులుందనగా, ఒక మధ్యాహ్నం చిత్తూరు వైపు నుంచి చిన్నబ్బ అనే స్కూలు హెడ్‌మాస్టరు ఆటోలో నాలుగు పెట్టెలు దింపించాడు. వాళ్ల స్కూలు ల్యాబుకు పాత రోజుల్లో మునిప్రసాద్ పన్నెండు సిస్టములు బిగించాడట.

“ఇప్పటికీ ఐదు నడస్తా ఉండాయప్పా. అందుకే వెతుక్కోని వచ్చినా. కొత్తవి రెండు కావాల. నువ్వే బిగించాల,” అన్నాడు.

మునిప్రసాద్ ఒక పెట్టె మీద చెయ్యి పెట్టాడు. కొత్త అట్ట వాసన వచ్చింది. లోపల ఏముందో, ఏది ముందు తీయాలో చేతులకు తెలుసు. వాటికి తెలియనిది ఒక్కటే.

“నాకు కండ్లు కనబడవు సార్,” అన్నాడు. “నేను బిగించను. లీలామహల్ దగ్గర ఏబెల్ అని ఉండాడు, మంచోడు. చీటీ రాసిస్తా.”

రాయడానికి పెన్ను తీసుకున్నాడు. కాగితం మీద గీత ఎక్కడ మొదలైందో కనిపించక ఆగిపోయాడు. హెడ్‌మాస్టరు కొంచెం చూసి, పెన్ను మెల్లగా ఆయన చేతిలోంచి తీసుకుని, “నువ్వు చెప్పప్పా, నేను రాసుకుంటా,” అన్నాడు. మునిప్రసాద్ ఫోను నంబరు ఒక్కొక్క అంకె చెప్పాడు. ఆటో మళ్లీ పెట్టెలు ఎక్కించుకుని సందు మలుపు తిరిగిపోయింది. అది పోయినట్టు ఆయనకు చప్పుడును బట్టే తెలిసింది.